యాభై నాలుగు మాటల ఇల్లు

ఆ మాటలు ఇంకా చెక్కుచెదరలేదు. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ భవనంలో, మసక వెలుతురులో, గాజు పలక వెనక, తోలు కాగితం మీద ఉన్నాయి. సిరా వెలిసింది గానీ అక్షరం పోలేదు. ఇంగ్లిషులో లెక్కపెడితే యాభై నాలుగు మాటలు. అమెరికా రాజ్యాంగానికి నాలుగో సవరణ. మనుషులు తమ దేహాలతో, తమ ఇళ్ళలో, తమ కాగితాలతో, తమ వస్తువులతో నిశ్చింతగా ఉండాలని, సమంజసం కాని సోదాలూ జప్తులూ వాళ్ళ జోలికి రాకూడదని ఆ మాటలు చెబుతాయి. ఎవరో ఒకరు ప్రమాణం చేసి తగిన ఆధారం చూపించాలి. ఏ ఇల్లు వెతకాలో, ఏ వస్తువు పట్టుకోవాలో విడమరిచి రాయాలి. అప్పుడే వారంటు. 1791 డిసెంబరు 15న ఇవి రాజ్యాంగంలో చేరాయి. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఎవరూ ఒక్క మాట కొట్టివేయలేదు, ఒక్క మాట చేర్చలేదు.

అందుకేనేమో, ఈ ఇల్లు కూలుతుంటే చప్పుడు రాలేదు. గోడలు అలాగే ఉన్నాయి. పైకప్పు ఉంది. గుమ్మానికి కట్టిన తోరణం కూడా ఉంది. లోపల కూర్చున్న మనిషికి ఉండాల్సిన నిశ్చింత ఒక్కటీ, ఏ పూట పోయిందో తెలియకుండా, కొంచెం కొంచెంగా వెళ్ళిపోయింది. ఎలా ముగుస్తుందో తెలిసిన కథే ఇది. అయినా మొదటి నుంచీ చెప్పుకోవాలనిపిస్తుంది. పోయినవాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం చివరి రోజుతో మొదలుపెట్టం కదా, పుట్టిన రోజుతో మొదలుపెడతాం.

పుట్టుకే ఒక ఓటమి. 1761 ఫిబ్రవరి, బోస్టన్ టౌన్ హౌస్, కౌన్సిల్ గది. నెగడు పక్కన ఎర్రటి అంగీలూ పెద్ద విగ్గులూ తొడుక్కున్న న్యాయమూర్తులు అయిదుగురు కూర్చున్నారు. అంతకు ముందు అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో జార్జి చనిపోయాడు. ఆయన పేరుతో నడుస్తున్న ఒక రకం ఆజ్ఞాపత్రాలకి కాలం చెల్లబోతోంది, కొత్త రాజు పేరుతో మళ్ళీ ఇవ్వాలి. వాటిని రిట్స్ ఆఫ్ అసిస్టెన్స్ అనేవారు. అది చేతిలో ఉంటే కస్టమ్స్ ఉద్యోగి పట్టపగలు ఏ ఇంట్లోకైనా, ఏ గోదాములోకైనా చొరబడవచ్చు. దొంగసరుకు ఫలానా చోట ఉందని ప్రమాణం చేయక్కర్లేదు, ఫలానా ఇల్లని పేరు రాయక్కర్లేదు. రాజు బతికున్నంత కాలమూ, పోయాక ఆరు నెలలూ ఆ కాగితం చెల్లుతుంది.

దాన్ని సమర్థించి వాదించాల్సిన ప్రభుత్వ న్యాయవాది జేమ్స్ ఓటిస్. ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఫీజు వద్దని, అవతలి పక్కన నిలబడ్డాడు. గంటల తరబడి మాట్లాడాడు. పూరి గుడిసెలో ఉన్నవాడికైనా తన ఇంట్లో రాజుకున్నంత నెమ్మది ఉండాలన్నది ఆ వాదన సారాంశం. గదిలో ఒక మూల పాతికేళ్ళ కుర్ర లాయరు నోట్సు రాసుకుంటున్నాడు. పేరు జాన్ ఆడమ్స్. ముసలితనంలో, అధ్యక్ష పదవి కూడా చేసి దిగిపోయాక, స్వాతంత్ర్యమనే బిడ్డ పుట్టింది ఆ గదిలోనే అని ఆయన రాసుకున్నాడు.

ఓటిస్ ఓడిపోయాడు. ఆజ్ఞాపత్రాలు మళ్ళీ వచ్చాయి. 1769లో ఒక కాఫీ హౌస్‌లో కస్టమ్స్ కమిషనరు ఒకరితో జరిగిన గొడవలో ఆయన తలకి పెద్ద దెబ్బ తగిలింది. అప్పటికే నిలకడ తప్పుతున్న మనసు ఆ తర్వాత పూర్తిగా కుదుటపడనే లేదు. తాను కలగన్న హక్కు రాజ్యాంగంలో చేరడం ఆయన చూడలేదు. 1783 మే 23న, ఆండోవర్‌లో స్నేహితుడి ఇంటి గుమ్మంలో నిలబడి ఉండగా పిడుగు పడి చనిపోయాడు. లోపలా కాదు, బయటా కాదు, గుమ్మంలో. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా చేతిలో పుస్తకం కాసేపు అలాగే ఉండిపోతుంది. ఆ తేదీ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి యాభై నాలుగు మాటలు వచ్చాయి. ఒక నిజం ఇక్కడే చెప్పుకోవాలి, లేకపోతే ఈ దుఃఖంలో అబద్ధం కలుస్తుంది. ఆ ఇంట్లో అందరికీ చోటు ఎప్పుడూ లేదు. దక్షిణాది తోటల్లో నల్లవాళ్ళ గుడిసెల్ని పహరా దళాలు ఏ రాత్రి కావాలంటే ఆ రాత్రి వెతికేవి. వాళ్ళకి వారంటు లేదు, ప్రమాణం లేదు, తలుపు కూడా లేదనే అనుకోవాలి. పైగా ఆ మాటల్లోనే ఒక పగులు ఉంది. సోదాలు జరగకూడదని అనలేదు, సమంజసం కాని సోదాలు జరగకూడదని అన్నారు. ఏది సమంజసం? ఎవరికి సమంజసం? ఆ ఒక్క మాటలోంచే, చెదపురుగు దూలంలోంచి వచ్చినట్టు, రాబోయేదంతా వచ్చింది.

చాలాకాలం ఆ హక్కు పుస్తకంలోనే పడుకుంది. అడ్డదారిన పట్టుకొచ్చిన సాక్ష్యాన్ని ఫెడరల్ కోర్టులు ముట్టుకోకూడదని 1914లో వీక్స్ కేసులో సుప్రీంకోర్టు అన్నప్పుడు దానికి మొదటిసారి పళ్ళు వచ్చాయి. అంతలోనే 1928లో ఓ పరీక్ష. సియాటిల్‌లో పోలీసు లెఫ్టినెంటుగా పనిచేసి మద్యం దొంగవ్యాపారంలోకి దిగిన రాయ్ ఓమ్‌స్టెడ్ ఫోన్ తీగలకి ఫెడరల్ మనుషులు తమ తీగలు తగిలించి నెలల తరబడి విన్నారు. తీగ ఇంటి బయట ఉంది, ఎవరూ గుమ్మం దాటలేదు, కాబట్టి అది సోదాయే కాదని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు. నలుగురు కాదన్నారు. వాళ్ళలో జస్టిస్ బ్రాండైస్, రేపు ఇంకా సూక్ష్మమైన పరికరాలు వస్తాయని, బీరువాలో కాగితం బీరువాలోనే ఉండగా దాన్ని కోర్టులో చదివే రోజు వస్తుందని హెచ్చరించాడు. రేడియోలు కొత్తగా వస్తున్న రోజుల్లో రాసిన మాట అది. ఒక్క ఓటు అటు పడి ఉంటే! ఈ కథలో ఈ నిట్టూర్పు చాలాసార్లు వస్తుంది.

ఇప్పుడు క్లీవ్‌లాండ్ వెళ్దాం. 1957, మళ్ళీ మే 23. మిల్వర్టన్ రోడ్డులో రెండు వాటాల ఇల్లు. పై వాటాలో డాల్‌రీ మ్యాప్ అనే నల్లజాతి స్త్రీ తన కూతురితో ఉంటోంది. మధ్యాహ్నం ముగ్గురు పోలీసులు వచ్చి తలుపు తట్టారు. ఒక బాంబు కేసులో కావలసిన మనిషి ఇక్కడ ఉన్నాడట, తలుపు తీయమన్నారు. ఆమె లాయరుకి ఫోన్ చేసింది. వారంటు లేకుండా రానివ్వకు అన్నాడాయన. రానివ్వలేదు. పోలీసులు వీధిలో కాపు కాశారు. దాదాపు మూడు గంటలు గడిచాక ఇంకొంతమంది వచ్చారు, తలుపు పగలగొట్టారు. ఆమె లాయరు అప్పటికి వచ్చాడు గానీ ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

ఆమె మెట్ల మీద వాళ్ళకి ఎదురొచ్చింది. వారంటేదీ అని అడిగింది. ఒకాయన ఒక కాగితం పైకెత్తి చూపించాడు. ఆమె చేయి చాచి ఆ కాగితం లాక్కుంది, మడిచి తన రవికలో దోపుకుంది.

ఈ క్షణం దగ్గర నేను కాస్త ఆగుతాను. ముప్పై మూడేళ్ళ స్త్రీ, చుట్టూ పెద్ద పెద్ద పోలీసులు. రాజ్యాంగం అక్కడ గాజు పలక వెనక లేదు, ఆమె గుండె మీద ఉంది. ఆ కాగితంలో తన ఇంటి పేరు ఉండాలని, తన ఇంట్లో ఏం వెతుకుతారో రాసి ఉండాలని ఆమెకి తెలుసు. ఓటిస్ గంటల తరబడి చెప్పిందంతా ఆమె ఒక్క చేతి కదలికలో చెప్పింది. వాళ్ళు ఆమె మీద పడి, చేయి పెట్టి ఆ కాగితం వెనక్కి లాగేసుకున్నారు. చేతులకి బేడీలు వేశారు. బీరువా, సొరుగులు, పెట్టెలు, ఫోటో ఆల్బం, ఆమె సొంత కాగితాలు, పిల్ల పడకగది, వంటిల్లు, చివరికి నేలమాళిగలో ఒక ట్రంకు పెట్టె. వెతికిన మనిషి పై వాటాలో లేడు. అశ్లీలమని పోలీసులు అన్న కొన్ని పుస్తకాలూ బొమ్మలూ దొరికాయి. అవి ఒకప్పుడు ఇంట్లో అద్దెకున్నవాడివని ఆమె చెప్పింది. ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష వేశారు. విచారణలో ఆ వారంటు చూపించమంటే ఎవరూ చూపించలేదు.

సుప్రీంకోర్టు దాకా ఆ కేసు అశ్లీలత మీద వాదనగానే వెళ్ళింది. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ తరఫున వేసిన వాదన పత్రంలో ఒకే ఒక్క చిన్న పేరా ఉంది, సోదా విషయంలో పాత తీర్పును మళ్ళీ చూడమని. ఆ పేరా పట్టుకుని న్యాయమూర్తులు మొత్తం కేసునే తిప్పేశారు. 1961 జూన్ 19న తీర్పు వచ్చింది. హక్కును తొక్కి తెచ్చిన సాక్ష్యం ఇకపై ఏ రాష్ట్రం కోర్టులోనూ చెల్లదు. ఓటిస్ వాదనకి సరిగ్గా రెండు వందల ఏళ్ళు. ఊరూరా పోలీసులు మొదటిసారి వారంటు అప్లికేషన్లు నింపడం నేర్చుకున్నారు. 1967లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక పబ్లిక్ ఫోన్ బూత్ కేసులో ఓమ్‌స్టెడ్ తీర్పు కూడా తుడిచిపెట్టుకుపోయింది. బూత్ తలుపు మూసుకుని మాట్లాడేవాడికి కూడా ఏకాంతం ఉంటుందని కోర్టు అంది.

ఇల్లు కట్టడం పూర్తయింది. గృహప్రవేశం జరిగింది. మరో ఆరు నెలలే. దాన్ని కదిలించే కేసు అప్పటికే దారిలో ఉంది.

అదే క్లీవ్‌లాండ్. యూక్లిడ్ అవెన్యూ. 1963 అక్టోబరు 31, మధ్యాహ్నం రెండున్నర. మార్టిన్ మెక్‌ఫాడెన్ అనే పోలీసు డిటెక్టివ్ మామూలు బట్టల్లో నిలబడ్డాడు. 39 ఏళ్ళ సర్వీసు, జేబుదొంగల్ని కనిపెట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఇద్దరు నల్లవాళ్ళు వంతులు వేసుకుని ఒకే షాపు అద్దంలోంచి తొంగి చూసి వెనక్కి వస్తున్నారు. డజను సార్లు అలా చూశారు. మూడో మనిషి వచ్చి కలిశాడు. మెక్‌ఫాడెన్ దగ్గరికెళ్ళి పేర్లు అడిగి, జాన్ టెర్రీ అనే మనిషిని గిరుక్కున తిప్పి కోటు పైనుంచి తడిమాడు. తుపాకీ తగిలింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ ముసలి డిటెక్టివ్ క్రూరుడేం కాదు. తన కళ్ళని నమ్ముకున్నాడు, ఆ రోజు అవి మోసం చేయలేదు. అదే ఈ కథలో అన్నిటికన్నా బరువైన సంగతి. ఇల్లు కూల్చింది దుర్మార్గులైతే మన దుఃఖం తేలికయ్యేది.

వారంటుకి తగిన ఆధారం కావాలని యాభై నాలుగు మాటలు అంటాయి. మెక్‌ఫాడెన్ దగ్గర అంత ఆధారం లేదు, అనుమానం ఉంది. 1968 జూన్ 10న సుప్రీంకోర్టు, సమంజసమైన అనుమానం ఉంటే మనిషిని ఆపవచ్చు, ఆయుధం కోసం పైపైన తడమవచ్చు అంది. తీర్పు రాసింది చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్. డాల్‌రీ మ్యాప్ పక్కన నిలబడ్డ కోర్టుకి పెద్దగా కూర్చున్నది కూడా ఆయనే. ఎనిమిది మంది అటు, ఒక్కరు ఇటు. ఆ ఒక్కరు జస్టిస్ డగ్లస్. ఏ మేజిస్ట్రేటుకీ లేని అధికారాన్ని వీధిలో పోలీసు చేతిలో పెడుతున్నారని ఆయన రాశాడు.

అప్పటి అమెరికాని ఒక్కసారి తలచుకోవాలి. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. ఊళ్ళు తగలబడ్డాయి. జూన్ 6న రాబర్ట్ కెన్నెడీ పోయాడు. నాలుగు రోజులకి ఈ తీర్పు. భయపడిన దేశం తలుపు గడియ కొంచెం వదులు చేయమంది, న్యాయమూర్తులు చేశారు. తెలియక చేశారా అంటే అదీ కాదు. తీర్పు ఇంకా చిత్తుప్రతిగా ఉన్నప్పుడే జస్టిస్ బ్రెన్నన్ వారెన్‌కి ఉత్తరం రాశాడు. మనం ఇది ఒప్పుకుంటే దేశంలో పోలీసులు దీన్ని లైసెన్సుగా తీసుకుంటారేమో, నల్లవాళ్ళ పేటల మీద విరుచుకుపడతారేమోనని నాకు భయంగా ఉందని. అంత స్పష్టంగా చూసినవాడు, చూసి కూడా, సంతకం చేశాడు. ఆ కోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ కూడా చేశాడు. నాలుగేళ్ళ తర్వాత మరో కేసులో మార్షల్ ఆ సంతకాన్ని తలచుకుని నొచ్చుకున్నాడు. మేము అనుకున్న సున్నితమైన తూకం నిలబడలేనంత సున్నితమైందని రాశాడు. అప్పటికి గడియ వదులైపోయింది.

ఆ తర్వాతది వాన. గోడ మీద సన్నగా, ఎడతెగకుండా. ఒప్పుకుంటే వెతకవచ్చన్నారు, కాదనే హక్కు ఉందని మనిషికి తెలియకపోయినా ఆ ఒప్పుకోలు చెల్లుతుందని 1973లో అన్నారు. వారంటు తప్పుడుదైనా పోలీసు మంచి మనసుతో నమ్మి ఉంటే సాక్ష్యం చెల్లుతుందని 1984 జూలై 5న అన్నారు. స్వాతంత్ర్య దినం బాణసంచా పొగ ఇంకా పూర్తిగా చెదిరి ఉండదు. ఈసారి బ్రెన్నన్ సంతకం చేయలేదు, దీర్ఘమైన అసమ్మతి తీర్పు రాశాడు. అది చదివితే పదహారేళ్ళ కిందటి ఉత్తరం ఆయన్ని వెంటాడుతోందనిపిస్తుంది. వీధిలో పెట్టిన చెత్త సంచి వెతకవచ్చన్నారు. ఇంటి పెరడు మీదుగా నాలుగు వందల అడుగుల ఎత్తున హెలికాప్టర్లోంచి చూడవచ్చన్నారు. పోలీసు మనసులో ఏ ఉద్దేశం ఉన్నా సరే, ట్రాఫిక్ తప్పు ఒకటి కనబడితే కారు ఆపవచ్చని 1996లో అన్నారు. ఏ ఒక్కటీ పిడుగులా పడలేదు. ప్రతి తీర్పూ తనకి ముందున్న తీర్పు కంటే జానెడే ముందుకి జరిగింది.

మరి ఎవరూ అడ్డుపడలేదా? అడ్డుపడాల్సినవాళ్ళ గొంతు కోర్టుకి చేరదు. దొంగసరుకు దొరికినవాడే ఈ హక్కు కోసం కోర్టుకెక్కుతాడు. ఏమీ దొరకనివాణ్ణి వదిలేస్తారు, వాడికి కేసు లేదు, తీర్పు లేదు, వాడి అవమానానికి కాగితం లేదు. 2011లో న్యూయార్క్ పోలీసులు వీధుల్లో మనుషుల్ని ఆపిన లెక్క 6,85,724 సార్లు. ఎక్కువమంది నల్లవాళ్ళూ లాటినోలూ. ఆరు లక్షలకి పైగా సార్లు ఏ తప్పూ లేదని తేలి అక్కడికక్కడే వదిలేశారు. గోడకి చేతులానించి కాళ్ళు ఎడం చేసి నిలబడి, తన జేబుల్లో ఎవరి వేళ్ళో తిరుగుతుంటే కళ్ళు నేలకి దించుకున్న కుర్రవాళ్ళు. 2013లో జడ్జి షీరా షైండ్లిన్, ఆ పద్ధతి నడిపిన తీరు రాజ్యాంగ విరుద్ధమన్నారు. కానీ యూక్లిడ్ అవెన్యూ తీర్పు మీద ఈగ వాలలేదు.

టెక్సస్‌లోని లాగో విస్టా సంగతి వేరు. అక్కడ దొంగా లేడు, సరుకూ లేదు. గెయిల్ ఆట్‌వాటర్ అనే తల్లి 1997లో తన అయిదేళ్ళ, మూడేళ్ళ పిల్లలతో పికప్ ట్రక్కులో ఇంటికి వస్తోంది. దారిలో పడిపోయిన చిన్న రబ్బరు బొమ్మ ఎక్కడైనా కనబడుతుందేమోనని పిల్లలు సీటు బెల్టులు తీసి బయటికి చూస్తున్నారు. ఆమె నెమ్మదిగా నడుపుతోంది. సీటు బెల్టు తప్పుకి జరిమానా యాభై డాలర్లకి మించదు. పోలీసు అరిచాడు, పిల్లలు ఏడ్చారు. వీళ్ళని స్నేహితురాలి ఇంట్లో దింపి వస్తానంటే ఒప్పుకోలేదు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి తీసుకెళ్ళి, చెప్పులూ నగలూ కళ్ళజోడూ తీయించి, ఫోటో తీసి, గంటసేపు సెల్‌లో కూర్చోబెట్టారు. 2001లో సుప్రీంకోర్టు ఇదంతా అనవసరమైన అవమానమేనని ఒప్పుకుంది. ఒప్పుకుని, అయినా రాజ్యాంగానికి భంగం లేదంది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఆ నలుగురి తరఫున రాసింది జస్టిస్ సాండ్రా డే ఓకానర్. ఆ బొమ్మ దొరికిందో లేదో తీర్పులో లేదు.

కాగితాల సంగతి ఇంకా చడీచప్పుడు లేకుండా జరిగింది. నీ బ్యాంకు లెక్కలు నువ్వు బ్యాంకుకి అప్పగించావు కాబట్టి అవి ఇక నీ కాగితాలు కావని 1976లో, నువ్వు డయల్ చేసిన నంబర్లు ఫోన్ కంపెనీకి తెలుసు కాబట్టి వాటిలో ఏకాంతం లేదని 1979లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి అవి చిన్న విషయాలుగా కనిపించాయి. మనిషి బతుకంతా పరుల సర్వర్లలోకి చేరుతుందని అప్పుడెవరు ఊహించారు? ఇక్కడ మన హైదరాబాద్ గుర్తొస్తుంది. రిజిస్ట్రేషన్ వాళ్ళు బ్యాంకుల్లోకి వెళ్ళి కాగితాలు తనిఖీ చేసి పట్టుకుపోవచ్చంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలో మార్పు చేసింది. కలెక్టరు ఎవరికి చెబితే వాళ్ళు వెళ్ళవచ్చు. హైకోర్టు కొట్టేసింది. జిల్లా రిజిస్ట్రారుకీ కెనరా బ్యాంకుకీ మధ్య ఆ కేసు ఢిల్లీ చేరాక, 2004లో మన సుప్రీంకోర్టు అమెరికా వాళ్ళ 1976 తీర్పుని ముందు పెట్టుకుని చదివి, ఈ తర్కం మాకు వద్దంది. బ్యాంకులో దాచినా కాగితం మనిషిదే అంది. సోదాల విషయంలో మన దేశం చరిత్ర గొప్పదేం కాదు. అక్రమంగా తెచ్చిన సాక్ష్యాన్ని మన కోర్టులు ఇప్పటికీ పుచ్చుకుంటాయి. అయినా ఆ ఒక్క మలుపు దగ్గర, వాళ్ళు పట్టిన దారి మనం పట్టలేదు. వాళ్ళకీ అదే మలుపు ఎదురైందన్న ఆలోచనే బాధిస్తుంది.

మన ఊళ్ళ నుంచి చదువుకని వెళ్ళే పిల్లలకి ఈ కథ ఇంకో గుమ్మం దగ్గర ఎదురవుతుంది. దేశ సరిహద్దులో సోదాకి వారంటు అక్కర్లేదన్నది రిపబ్లిక్ అంత పాత మినహాయింపు. సూట్‌కేసులో ఆవకాయ సీసా, పక్కన సర్టిఫికెట్ల ఫోల్డరు, చేతిలో ఫోను. అధికారి చేయి చాస్తే ఆ ఫోను ఇవ్వాలి. అమ్మ పెట్టిన మెసేజీలు, స్నేహితులతో వేళాకోళాలు, అన్నీ ఓ కొత్త మనిషి వేళ్ళ కింద కదులుతుంటే ఆ పిల్ల నిలబడి చూస్తూ ఉంటుంది. కౌంటరు అవతల ఉన్నది కస్టమ్స్ ఉద్యోగి. ఓటిస్ ఎవరిని గడప దగ్గర ఆపాలని ఉద్యోగం వదులుకున్నాడో, వాళ్ళ వారసుడు.

గడప గురించే చివరి పెద్ద అవకాశం వచ్చింది. చేతిలో వారంటు ఉన్నా, పోలీసు తలుపు తట్టి, తానెవరో చెప్పి, కాసేపు ఆగాలన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన వందల ఏళ్ళ ఆచారం. లోపలివాళ్ళు బట్టలు సవరించుకుని, గుండె దిటవు చేసుకుని తలుపు తీసేంత వ్యవధి. డెట్రాయిట్‌లో హడ్సన్ అనే మనిషి ఇంటి దగ్గర పోలీసులు మూడు నుంచి అయిదు సెకన్లు ఆగి లోపలికెళ్ళిపోయారు. అలా దొరికిన సాక్ష్యం చెల్లుతుందా? 2006 జనవరిలో వాదనలు జరిగాయి. బెంచి మీద ఓకానర్ ఉన్నారు. ఇల్లన్నదాని పవిత్రతని కాస్తయినా కాపాడే విధానమేదీ లేదా అని ఆమె ప్రభుత్వ లాయరుని అడిగారు. ఆ ప్రశ్న విన్నవాళ్ళు ఆమె ఓటు ఎటో ఊహించుకున్నారు. కానీ ఆమె రిటైర్మెంటు అప్పటికే ఖాయమైపోయింది. జనవరి 31న కుర్చీ దిగారు, తీర్పు ఇంకా రాలేదు. కొత్త న్యాయమూర్తి వచ్చాక మేలో మళ్ళీ వాదనలు విన్నారు. జూన్‌లో తీర్పు, అయిదుగురు అటు, నలుగురు ఇటు. తట్టకుండా వెళ్ళినా దొరికింది చెల్లుతుంది. కొన్ని నెలల తేడా. అంతే.

దీపాలు పూర్తిగా ఆరిపోయాయని చెప్పను. 2014లో, అరెస్టయిన మనిషి సెల్‌ఫోన్ చూడాలంటే వారంటు కావాల్సిందేనని తొమ్మిది మందీ ఒక్క మాట అన్నారు, అందులో ఓటిస్‌ని పేరు పెట్టి తలచుకున్నారు. 2018లో కార్పెంటర్ కేసులో, ఒక మనిషి 127 రోజుల పాటు ఎక్కడెక్కడ తిరిగాడో ఫోన్ టవర్ల లెక్కల నుంచి 12,898 చోట్లు తీసిన పద్ధతికి అడ్డు చెప్పారు. ఆ మాటలు చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. పోయిన మనిషి గొంతు పాత టేపులో విన్నట్టుగా. అటు వీధుల్లో మాత్రం వాన ఆగలేదు. 2025 సెప్టెంబరులో, లాస్ ఏంజెలెస్‌లో రంగూ భాషా చేసే పనీ చూసి జనాన్ని ఆపవద్దన్న కింది కోర్టు ఉత్తర్వుని సుప్రీంకోర్టు కేసు తేలేదాకా నిలిపివేసింది.

బ్రియానా టేలర్ సంగతి చెప్పకుండా దాటలేను. 26 ఏళ్ళ అమ్మాయి. ఆస్పత్రి ఎమర్జెన్సీ గదిలో పని. లూయీవిల్‌లో చిన్న అపార్ట్‌మెంటు. 2020 మార్చి 13, అర్ధరాత్రి దాటింది. పోలీసుల దగ్గర వారంటు ఉంది, జడ్జి సంతకం ఉంది. యాభై నాలుగు మాటలు అడిగినట్టే ప్రమాణం కూడా ఉంది. ఆ ప్రమాణంలో అబద్ధం ఉందని, దానికి తానూ తోడ్పడ్డానని ఒక పోలీసు రెండేళ్ళ తర్వాత నేరం ఒప్పుకుంది. తట్టామని పోలీసులు అన్నారు. ఎవరొచ్చారో లోపలివాళ్ళకి తెలియలేదు. తలుపు బద్దలైంది. దొంగలనుకుని ఆమె స్నేహితుడు ఒక్క తూటా పేల్చాడు. పోలీసుల వైపు నుంచి 32 తూటాలు. ఆరు ఆమెకి తగిలాయి, తన ఇంటి నడవలోనే. వెతికిన మాదకద్రవ్యం ఆ ఇంట్లో లేదు.

తర్వాత ఆ ఊరు, తట్టకుండా చొరబడే వారంటులని నిషేధిస్తూ ఆమె పేరుతో చట్టం చేసింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి మర్యాదని మళ్ళీ రాసుకోవడానికి అంత ఖరీదు.

డాల్‌రీ మ్యాప్ తర్వాత న్యూయార్క్‌కి వెళ్ళిపోయింది. 1970లో ఆమె ఇంటి మీద మళ్ళీ పోలీసులు వచ్చారు. ఈసారి వారంటు ఉంది. 20 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. ఆ వారంటు సరైనది కాదని కోర్టుల్లో పోరాడి ఓడిపోయింది. తొమ్మిదేళ్ళ పైచిలుకు జైల్లో గడిపాక గవర్నరు శిక్ష తగ్గిస్తే బయటికొచ్చింది. లా కాలేజీల్లో ఆమె పేరు ప్రతి ఏడూ వినబడుతూనే ఉంది, ఆమె తెచ్చిన తీర్పు మాత్రం ఏడాదికేడాది సన్నబడుతూ వచ్చింది. 2014 అక్టోబరు 31న జార్జియాలో చనిపోయింది. యూక్లిడ్ అవెన్యూలో ఆ డిటెక్టివ్ షాపు అద్దం వైపు చూస్తూ నిలబడ్డ రోజుకి సరిగ్గా యాభై ఒక్క ఏళ్ళు.

మిల్వర్టన్ రోడ్డు మెట్ల మీద ఆమె రవికలో దోపుకున్న కాగితాన్ని అప్పుడు లాక్కున్నారు కదా, తర్వాత ఏ కోర్టులోనూ ఎవరూ బయట పెట్టలేదు. దాని మీద ఏం రాసి ఉందో, అసలు ఏమైనా రాసి ఉందో లేదో, చదువుకునే వ్యవధి కూడా ఆమెకి ఇవ్వలేదు.